ఫిడేలు నాయుడుగారు

సంగీతకచేరీ జరుగుచున్నప్పుడు శ్రోతల కన్నులన్నియు వేదిక నడుమ కూర్చున్న గాయకునిపై నిలుచుట సహజము. ఆయనకొక ప్రక్క ఫిడేలు పట్టుకొని యొకరు, మఱియొక ప్రక్క మృదంగము ముందుంచుకొని యొకరు కూర్చుందురు. గోడపత్రికలలో గాయకుని పేరు పెద్ద యక్షరములతోను, ప్రక్కవారి పేర్లు చిన్న యక్షరములతోను అచ్చుపడును. మొదటి పూలమాల గాయకుని మెడలోనే పడును. సభ ముగిసిన పిమ్మట జనులు ఇంటికి పోవుచు పాడినవారిని గూర్చియే ముచ్చటించుకొందురు. కాని ప్రక్కనున్న వారిరువురును ఒక్క గడియ చేతులు ముడుచుకొని కూర్చున్నచో ఆ కచేరీ ఎట్లుండునో ఊహించుకొనువారు తక్కువ.

ఇట్టి ప్రక్కస్థానమున కూర్చుండి, ఆ స్థానమునకే గౌరవము తెచ్చి, తుదకు ఫిడేలును వేదిక నడుమకు తెచ్చి నిలిపిన మహనీయుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఆంధ్రదేశమున ఫిడేలు నాయుడుగారనిన చాలును, వేరు పేరు చెప్పనక్కఱలేకుండెను. కన్నులు సరిగా కానరాని యొక బాలుడు ఇంతటివాడు ఎట్లయ్యెనో మన పాఠశాల విద్యార్థులందఱును తెలిసికొనదగియున్నది.

మన గోదావరి సీమలో ప్రక్కవాద్యము

నాయుడుగారి చరిత్రమునకు ముందు ప్రక్కవాద్యమన నేమో కొంచెము చెప్పవలెను. మన గోదావరి మండలములలో ఈ మాట వినగానే పెద్దలకు మొదట హార్మోనియమే తలపునకు వచ్చును. రాజమహేంద్రవరము, కాకినాడ, నరసాపురము, అమలాపురము మొదలైన చోట్ల పద్యనాటకములు వెలుగొందిన దినములలో హార్మోనిస్టు లేని నాటకసమాజము లేకుండెను. రాజుపాత్రధారి పద్యమెత్తుకొని రాగము సాగదీయుచున్నప్పుడు అతనికి శ్రుతి తప్పకుండ కాచువాడు హార్మోనిస్టు. గొంతు అలసినప్పుడు ఆ ఖాళీని నింపువాడు అతడే. జనులు వన్స్‌మోరని కేకలు వేసినప్పుడు పద్యమును మరల అదే శ్రుతిలో ఎత్తియిచ్చువాడును అతడే. సమాజముతోపాటు ఊరూరు తిరుగుచు, తెల్లవారువఱకు మేలుకొని, వేషము వేయకయే నాటకమును మోయుచుండెను.

హార్మోనియము మన దేశమున పుట్టినది కాదు. 1840 ప్రాంతమున ఫ్రాన్సుదేశమున రూపొందిన ఈ వాద్యము పాదములతో గాలి నింపుచు వాయించునది. మిషనరీలు, వర్తకులు దానిని భారతదేశమునకు తెచ్చిరి. నేలమీద కూర్చుండి వాయించు మనవారికి అది యనుకూలముగా లేదు. కలకత్తాలో ద్వారకానాథఘోషుగారు 1875 ప్రాంతమున చేతితో తిత్తిని ఆడించుటకు వీలగునట్లు దానిని మార్చిరి. అప్పటినుండి అది ప్రార్థనామందిరములకు, భజనమఠములకు, నాటకశాలలకు వ్యాపించెను. కాకినాడ నాటకరంగమునుండి చలనచిత్రములకు పోయి, సువర్ణసుందరి వంటి చిత్రములకు సంగీతము కూర్చిన ఆదినారాయణరావుగారి వంటివారిని పెంచినది ఈ నాటకసంగీతమే.

అయినను కర్ణాటకసంగీతపు పెద్ద కచేరీలలో హార్మోనియమునకు చోటు దొరకలేదు. కారణము స్పష్టము. మెట్లున్న వాద్యములో ప్రతిస్వరమును ఒకచోట స్థిరముగా నిలిచియుండును. మన రాగములలో స్వరము నిలువదు. ఊగును, జారును, ఒక స్వరము నీడ మఱియొక స్వరముపై పడును. దీనినే గమకమందురు. మెట్టుపై వ్రేలు నొక్కినంతమాత్రమున గమకము పలుకదు. ఈ కారణమును చూపియే ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును నిషేధించిరి. ఆ నిషేధము 1971 వఱకు సడలలేదు. కంఠము ఎట్లు తిరిగిన నట్లు తిరుగగల వాద్యము కావలసివచ్చెను. ఆ కొఱతను తీర్చినది ఫిడేలు.

ఫిడేలు మనదైన విధము

ఫిడేలును హార్మోనియమువలెనే ఐరోపాఖండమునుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మదరాసు ప్రాంతమున ఐరోపావారి వాద్యమేళములను విని, ఆ వాద్యమును నేర్చి, మన రాగములను దానిపై పలికించిరి. తంజావూరు వడివేలుగారు దానిని ఇంకను వృద్ధిచేసిరి. తిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ వారు 1834లో ఆయనకు దంతపు ఫిడేలును బహూకరించిరి. నూఱేండ్లు గడచులోపల ఫిడేలు లేని కచేరీ దక్షిణదేశమున లేకపోయెను.

ఐరోపావారు దానిని నిలుచుండియో, కుర్చీపై కూర్చుండియో, గడ్డము క్రింద నొక్కిపట్టి వాయింతురు. మనవారు నేలపై బాసిపట్టు వేసికొని, ఫిడేలు కొనను కుడికాలి మడమ దగ్గఱ ఆనించి, రెండవ కొనను రొమ్మునకు చేర్చి పట్టుదురు. ఇందువలన ఎడమచేయి వాద్యమును మోయు పని లేక, తీగలపై పైకిని క్రిందికిని స్వేచ్ఛగా జారుటకు వీలగును. తీగల శ్రుతిని సైతము మనవారు షడ్జపంచమములకు మార్చుకొనిరి. వచ్చిన వస్తువును వచ్చినట్లే యుంచక, మన యవసరమునకు తగినట్లు దిద్దుకొనుట ఇందు కనబడుచున్నది.

జననము, బాల్యము

వెంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినమున, బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారు సైన్యమున ఉద్యోగము చేసినవారు. తరువాత ఆ కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. కావున పుట్టినది కన్నడదేశమైనను పెరిగినది, విద్య నేర్చినది, కీర్తి గడించినది ఆంధ్రదేశముననే.

చిన్నతనమునుండియు ఆయన చూపు మందముగా నుండెను. పుస్తకములోని యక్షరములు, నల్లబల్లపై వ్రాసిన లెక్కలు ఆయనకు సరిగా కానరాకుండెను. కావున పాఠశాలలో చదువు సాగలేదు. కన్నుల కొఱత తీర్చు సాధనములు లేని ఆ దినములలో అట్టి బాలుని భవిష్యత్తు ఏమగునో యని తలిదండ్రులు విచారించియుందురనుటలో సందేహము లేదు.

ఆ యింట అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించెడివారు. తమ్మునికి తొలిపాఠములు చెప్పినవారు ఆయనయే. నల్లబల్ల కనబడని బాలునకు తీగలు కనబడనక్కఱలేకుండెను. ఫిడేలులో మెట్లు లేవు, గీతలు లేవు. ఏ స్వరము ఎచ్చట నున్నదో చూచి తెలిసికొనుటకు గుర్తులే లేవు. కన్నులున్నవాడును దానిని చెవితోను వ్రేలితోను మాత్రమే కనుగొనవలెను. ఈ వాద్యము ముందు చూపున్నవాడును చూపులేనివాడును సమానులే. బాలుడు పగలనక రాత్రియనక సాధనచేసెను. చదువు మూసిన తలుపును ఫిడేలు తెఱచెను.

విజయనగరమునకు వెళ్లుట

1919లో విజయనగర మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ పట్టణమున సంగీతపాఠశాల నొకదానిని స్థాపించిరి. ఆస్థానమునకు చెందిన యొక యుద్యోగి కుమారుడు అంధుడు. ఆ బాలునకు సంగీతము నేర్పించు తలంపే ఆ పాఠశాలకు మూలమని చెప్పుదురు. ఒక్క అంధబాలునిపై కలిగిన కరుణ ఆంధ్రదేశమంతటికి సంగీతనిలయమయ్యెను. దానికి తొలి ప్రధానాచార్యులు హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు. వీణకు వాసా వెంకటరావుగారు ఆచార్యులైరి.

నాయుడుగారికి అప్పుడు 26 ఏండ్లు. ఇంకను నేర్చుకొనవలసినది చాల గలదను తలంపుతో, విద్యార్థిగా చేరుటకే ఆయన విజయనగరమునకు పోయిరట. పరీక్షించినవారు ఆయన వాద్యమును విని ఆశ్చర్యపడి, శిష్యస్థానమునకు మాఱుగా ఫిడేలు ఆచార్యస్థానమునే యిచ్చిరి. విద్యార్థిగా చేరబోయి యాచార్యుడై తిరిగివచ్చిన వారు లోకమున ఎందఱుందురు? ఆయన ఆచార్యుడైన పిమ్మటను నేర్చుకొనుట మానలేదు. తెల్లవారుజామున లేచి సాధనచేయుట, పెద్దలు పాడినప్పుడు శ్రద్ధతో వినుట, వారి బాణీలోని విశేషములను తన కమానులోనికి తెచ్చుకొనుట ఆయనకు జీవితాంతమును నిత్యవ్రతములయ్యెను.

అది తెలుగుదేశమున సంగీతము పరిఢవిల్లిన కాలము. పిఠాపురాస్థానమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు వీణను పలికించుచుండిరి. త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారగు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు కృష్ణాతీరమున శిష్యులను తయారుచేసి, అంతకు కొలది యేండ్లకు ముందే గతించిరి. విజయనగరమున నారాయణదాసుగారి హరికథలు జనులను ఉఱ్ఱూతలూపుచుండెను. ఇట్టి వాతావరణమున నాయుడుగారి విద్య పండెను.

ప్రక్కన కూర్చుండి వాయించుట

గాయకునికి ప్రక్కవాద్యము వాయించుట చూచుటకు సులువుగా తోచును. పాడినదానిని పాడినట్లు వాయించిన చాలునుగదా యని కొందఱందురు. నిజముగా అది కత్తిమీద సాము. గాయకుడు ఏ రాగము నెత్తుకొనునో, ఏ కృతి పాడునో, ఏ పాదము దగ్గఱ నిలిచి నెఱవు చేయునో ముందుగా ఫిడేలువారికి తెలియదు. అతడు ఆలాపన ఆరంభింపగానే ఇది యే రాగమో క్షణములో గుర్తించి, అతని వెనుక నీడవలె సాగవలెను. గాయకుడు ఊపిరి తీసికొనుటకు ఆగినప్పుడు ఆ సంగతి చివరను పట్టుకొని నిలుపవలెను. అతడు ముగించిన తరువాత తాను అదే రాగమును కొద్దిసేపు వాయింపవలెను. ఆ కొద్దిసేపులో తన విద్యను చూపవచ్చును. కాని గాయకుడు కట్టిన యిల్లు కూలిపోవునంతగా చూపరాదు. స్వరకల్పనలో గాయకుడు ఒక వరుస పాడిన వెంటనే తాను దానికి తగిన వరుసను అప్పటికప్పుడు అల్లి యీయవలెను. అట్లు అల్లునప్పుడు తాళము తప్పరాదు, రాగము చెడరాదు, గాయకుని మనసు నొవ్వరాదు.

ఈ తుదిమాటయే మిక్కిలి కష్టము. బలహీనుడైన గాయకుని ప్రక్కన బలవంతుడైన ఫిడేలువాడు కూర్చున్నప్పుడు, అతనిని మించిపోవుటకు అవకాశము అడుగడుగునను వచ్చును. శ్రోతల చప్పట్లకు ఆశపడి కొందఱు అట్లు చేయుదురు. అందువలన వాయించినవానికి పేరు వచ్చును గాని కచేరీ చెడును. నాయుడుగారు ఈ మార్గము త్రొక్కలేదు. అరియకుడి రామానుజయ్యంగారు, చెంబై వైద్యనాథభాగవతులు మొదలైన దిగ్దంతులు పాడునప్పుడు సమానస్కంధుడై వాయించెడివారు. చిన్నవారు పాడునప్పుడు వారి కంఠమునకు అండయై వాయించెడివారు. గాయకుడు విడిచిన చోటిని నింపుటయే కాని, అతని చోటిని ఆక్రమించుట ఆయన యెఱుగరు.

ఆయన ఫిడేలునందలి నాదము వేఱొకరికి రాదనిరి. దానికి కారణము కమాను. ఆ దినములలో ధ్వనివర్ధకయంత్రములు అంతగా వ్యాపింపలేదు. వేయిమంది కూర్చున్న పందిటిలో చివరి వానికి వినబడుటకై చాలమంది కమానును బలముగా నొక్కి, చిన్నచిన్న లాగులతో వాయించుచుండిరి. అందువలన ధ్వని పెద్దదగును గాని కరకుదనము వచ్చును. మైసూరు చౌడయ్యగారు ఈ కష్టమును తొలగించుటకై నాలుగు తీగల ఫిడేలునకు ఏడు తీగలు వేసిరి. నాయుడుగారు నాలుగు తీగలనే నమ్ముకొని, మార్గమును కమానులో వెదకిరి. కమానును నిండుగా, పొడుగుగా లాగుట, వ్రేళ్ల యొత్తుడును సమముగా నిలుపుట, ధ్వనిని సన్నగిలజేసి మరల నింపుట ఆయన నేర్పు. పాశ్చాత్యుల ఫిడేలు వాద్యమును శ్రద్ధతో విని, వారి కమాను మెలకువలను గ్రహించి, రాగభావమును మాత్రము మనదిగానే కాపాడిరి. తీగపై కమాను నడచుచున్నట్లు గాక, ఎవరో కంఠమెత్తి పాడుచున్నట్లు వినబడెడిది. చౌడయ్యగారిని, కుంభకోణము రాజమాణిక్యంపిళ్లగారిని, నాయుడుగారిని ఆ కాలపు ఫిడేలునకు త్రిమూర్తులని సంగీతజ్ఞులు పేర్కొనిరి. ఆ మువ్వురిలో తెలుగువారి పేరు నిలిపినవారు మన నాయుడుగారు.

అట్టి వాద్యకులకు విశ్రాంతి యనునది లేదు. విజయనగరమున పాఠములు, ఆ వెంటనే రైలుప్రయాణములు. ఒకనాడు మదరాసు, వేఱొకనాడు ఉత్సవము జరుగు చిన్నయూరు. కన్నులు కానరాని మనుష్యుడు రాత్రివేళ రైలు దిగి, క్రొత్తచోట నడచి, ఎఱుగని పందిటిలో కూర్చుండి, ఎన్నడును కలసి వాయింపని గాయకునకు మూడు నాలుగు గంటలు తోడు నిలుచుట ఎంత శ్రమయో తలంచుడు. పెట్టెతెఱచి ఫిడేలు చేతికందినంతనే ఆ శ్రమ యంతయు ఆయన మఱచెడివారు.

ఫిడేలు వేదిక నడుమకు వచ్చుట

ఫిడేలు ప్రక్కవాద్యమే కాని తనంతట తాను కచేరీ చేయదగినది కాదని ఆ కాలమున చాలమంది తలంపు. వీణకు, వేణువునకు ప్రత్యేకకచేరీలుండెను, ఫిడేలునకు అరుదు. పాటకుడు లేనిచో ఫిడేలు ఎవరిని అనుసరించును? మాటలు లేనిచో కృతిలోని భావము శ్రోతకు ఎట్లు తెలియును? ఈ ప్రశ్నలు వట్టి వాదములు కావు. ఒక కళాకారుని జీవనము, ఒక వాద్యపు గౌరవము వీనిపై ఆధారపడియుండెను.

నాయుడుగారు దీనికి మాటలతో సమాధానము చెప్పలేదు. 1938లో వేలూరున ఫిడేలును ప్రధానవాద్యముగా నుంచి కచేరీ చేసిరి. గాయకుడు లేకయే రాగము, తానము, పల్లవి, కృతులు అన్నియు ఫిడేలుపై నిండుగా పలికెను. ఇన్నినాళ్లు గాయకుల వెంట నడచి, కృతులలోని సాహిత్యమును అక్షరమక్షరముగా తెలిసికొని యుండుటచేతనే, ఏ అక్షరముపై కమాను మరలవలెనో, ఎచ్చట విడువవలెనో ఆయనకు కరతలామలకముగా నుండెను. ప్రక్కస్థానమున చేసిన సేవయే నడిమిస్థానమునకు అర్హతను సంపాదించి పెట్టినది. అప్పటినుండి ఫిడేలు ప్రత్యేకకచేరీలు దేశమంతట వ్యాపించెను. గ్రామఫోను రికార్డులు, రేడియో ఆయన వాద్యమును చూడనివారి యిండ్లకును చేర్చెను.

ప్రత్యేకకచేరీలు చేసినంతమాత్రమున ఆయన ప్రక్కవాద్యమును చులకనగా చూడలేదు. నడుమ కూర్చుండుటయు ప్రక్కన కూర్చుండుటయు ఆయనకు ఒకే సంగీతముయొక్క రెండు సేవలు.

సన్మానములు

1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారు విజయనగర సంగీతకళాశాలకు ప్రధానాచార్యులైరి. 1941లో మదరాసు సంగీతవిద్వత్సభవారు ఆయనకు సంగీతకళానిధి బిరుదమునిచ్చిరి. కర్ణాటకసంగీతవిద్వాంసులకు అంతకంటె గొప్ప గౌరవము లేదు. 1953లో కేంద్ర సంగీతనాటక అకాడమీ పురస్కారమును, 1957లో భారతప్రభుత్వమువారి పద్మశ్రీ బిరుదమును పొందిరి.

1952లో జగద్విఖ్యాతుడైన ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చెను. మదరాసు ఉన్నతన్యాయస్థానపు ప్రధానన్యాయమూర్తియు, కళాప్రియులును నైన పి. వి. రాజమన్నారుగారు ఆయనకు నాయుడుగారి వాద్యమును వినిపించిరి. ఐరోపాఖండమునుండి వచ్చిన వాద్యము, తాము కలనైన నెఱుగని రీతిగా, నేలపై కూర్చున్న యొక వృద్ధుని చేతిలో పలుకుట విని మెనూహిన్ ఆనందించెను. ఆ సంవత్సరముననే నాయుడుగారు ఢిల్లీలో అంధుల సహాయనిధి కొఱకు కచేరీ చేసిరి. చీకటిని తాను బాగుగా ఎఱిగినవాడు గనుక ఇతరుల చీకటిని మఱువలేదు.

ఆచార్యత్వము

బిరుదములకంటె గొప్పది ఆయన శిష్యసంపద. కళాశాలలో ఆయన యాచార్యత్వమున, ఆ తరువాత ప్రధానాచార్యత్వమున చదివినవారు ఆంధ్రదేశపు సంగీతమునకు స్తంభములైరి. ఆ వంశమువారే యైన ద్వారం నరసింగరావుగారు, ద్వారం భావనారాయణరావుగారు, ఆయన కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు విద్యను కొనసాగించిరి. మారెళ్ల కేశవరావుగారు ఆయన శిష్యులలో ప్రసిద్ధులు. చలనచిత్రగాయకులలో అగ్రగణ్యులైన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాలలోనే విద్య నేర్చిరి.

మన గోదావరి సీమవారు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసిన పేరు మఱియొకటి కలదు. పిఠాపురము దగ్గఱ కొత్తపల్లిలో 1927లో జన్మించిన నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో ఆ కళాశాలలో చేరి, నరసింగరావుగారి యొద్ద ఫిడేలును గాత్రమును నేర్చిరి. ఆ బాలుడు చేరిన నాటికి ప్రధానాచార్యులు నాయుడుగారే. నేదునూరివారు తరువాత గొప్ప గాయకులై, 1991లో సంగీతకళానిధి బిరుదమును పొందిరి. పేదయింట పుట్టిన మన మండలపు బాలునకు ఆ కళాశాల అన్నము పెట్టి విద్యనిచ్చెను. ఒక గురువు దీపము వెలిగించినప్పుడు దాని వెలుగు ఎంతదూరము పోవునో ఇందువలన తెలియుచున్నది.

1953 వఱకు నాయుడుగారు ప్రధానాచార్యులుగా నుండిరి. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన కీర్తిశేషులైరి. ఆయన శతజయంతి సందర్భమున 1993లో భారతప్రభుత్వమువారు ఆయన పేర తపాలాబిళ్లను వెలువరించిరి. విశాఖపట్టణమున ఆయన విగ్రహమును ప్రతిష్ఠించిరి.

ఇతరదేశములలో ఇట్టివారు

ప్రక్కస్థానపు కష్టసుఖములు మన దేశముననే కాదు, సంగీతమున్న ప్రతిదేశమునను కలవు. ఈ కాలపు యువకులకు ప్రీతిపాత్రమైన పాశ్చాత్య రాక్ సంగీతమునందును పెద్ద మేళముల వెంట దేశదేశములు తిరుగుచు, వెనుకభాగమున కూర్చుండి పియానోయో కీబోర్డో వాయించువారు చాలమంది గలరు. వేదికపై దీపకాంతి పాటకునిపైనను గిటారువారిపైనను పడును, వారిపై పడదు. మేళపు చిత్రపటములలో సాధారణముగా వారి ముఖములుండవు.

స్కాట్లండులో 1938లో జన్మించిన ఇయన్ స్టీవర్టు అను నతని కథ ఇందుకు మంచి నిదర్శనము. 1962లో లండనున రోలింగ్ స్టోన్సు అను మేళము ఏర్పడినప్పుడు అందు మొదట చేరినవారిలో అతడొకడు. 1963లో ఆ మేళపు మేనేజరు, ఆఱుగురు సభ్యులు ఎక్కువయనియు, ఇతని రూపము మిగిలినవారితో కలియదనియు తలచి, అతని పేరును మేళమునుండి తీసివేసెను. స్టీవర్టు కోపగించుకొని పోలేదు. మేళపు వాద్యములను బండిలో నెక్కించి ఊరూరు చేర్చుచు, వేదికపైనను రికార్డులలోను పియానో వాయించుచు, 1985లో మరణించువఱకు వారితోనే యుండెను. 1989లో ఆ మేళమునకు అమెరికాలోని రాక్ సంగీతకీర్తిమందిరమున స్థానము కల్పించినప్పుడు, గతించిన స్టీవర్టు పేరును మేళసభ్యుల పేర్లతో చేర్చిరి. ఇరువదియాఱేండ్ల క్రిందట కొట్టివేసిన పేరు మరల తన చోటికి వచ్చెను.

ఈ యిరువురి సంగీతములకును సామ్యము లేదు. దేశములు వేఱు, ఆచారములు వేఱు. స్టీవర్టునకు న్యాయము చనిపోయిన తరువాత దొరకెను. నాయుడుగారు బ్రతికియుండగనే తన వాద్యమునకు న్యాయము సంపాదించిరి. కాని తనకు దక్కిన చోటు చిన్నదని పని చిన్నదిగా చేయక, పాట నిలువవలెనను పట్టుదలతో వాయించుట ఇరువురియందును ఒక్కటియే.

మనము నేర్చుకొనవలసినది

బాలబాలికలారా! నాయుడుగారి జీవితమున మూడు విషయములు మనము గమనింపవలెను. మొదటిది, చూపు మందమైనదని ఆయన నిరాశపడలేదు. తనకు మూసిన తలుపును తట్టుచు కూర్చుండక, తెఱచియున్న తలుపును కనుగొనెను. రెండవది, ఎంత విద్య వచ్చినను విద్యార్థిగానే యుండుటకు సిద్ధపడెను, అందుచేతనే ఆచార్యుడయ్యెను. మూడవది, ప్రక్కన కూర్చుండుట అవమానమని తలంపలేదు. ఆ చోట ఉండి ఎంతగొప్పగా పనిచేయవచ్చునో చూపెను.

మీ పాఠశాలలో వార్షికోత్సవము జరుగును. నాటకములో నాయకపాత్ర యొకనికే దొరకును. తక్కినవారు తెరలాగువారు, దీపములు పట్టువారు, హార్మోనియము వాయించువారు, సంభాషణ మఱచినవానికి వెనుకనుండి మాట అందించువారు. ఆటలలో గోలు వేయువాడొక్కడు. బంతిని అతనికి అందించువారు పదిమంది. ఇంటను అట్లే. పొలమున పండిన ధాన్యము పేరు రైతునకు వచ్చును. నాట్లు నాటిన చేతులను, కాలువకు నీరు వదలిన లస్కరును ఎవరు తలంతురు? వారిలో ఒక్కరు తప్పుకొన్నను పంట లేదు.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డ చదువులో వెనుకబడినాడని, కన్నో కాలో సరిగా లేదని, వానిని పనికిరానివానిగా నెంచవలదు. విశాఖపట్టణపు పాఠశాలలో నల్లబల్ల కానరాక చదువు మానిన బాలుడే కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను. ఆ బాలుని చేతికి ఫిడేలునిచ్చిన అన్నగారు లేకున్నచో, ఆ చేతులు ఎందుకును కొఱగాకుండ పోయియుండెడివేమో! మీ యింటి బాలుని చేతికి ఏది తగునో వెదకి యిచ్చు భారము మీది.

ఇక కచేరీకి పోయినప్పుడు, గాయకునికి చప్పట్లు కొట్టిన చేతులతోనే ప్రక్కనున్న ఫిడేలువారివైపును ఒకమాఱు చూచి చప్పట్లు కొట్టుడు. నాయుడుగారి కెన్నియో బిరుదములు వచ్చినవి. కాని ప్రక్కన కూర్చున్నవానిని గూడ వినుటకు మనకు నేర్పినందులకు ఆయనకు చెల్లింపవలసిన ఋణము అదియే.